మిషిగన్ చేతిలో 13-10. మన ఒహాయో స్టేట్ జట్టుకి ఈ కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) సీజన్ ఇక ఉన్నట్టా, పోయినట్టా?

లేన్ అవెన్యూ రాజు | 2024 నవంబర్ 30, సాయంత్రం

స్టేడియం నుంచి ఇంకా బయటపడలేదు. మా ఆవిడ కారు నడుపుతోంది, నేను పక్కన కూర్చుని ఇది కొడుతున్నాను.

వాళ్ళ చేతిలో ఓడడం వరసగా నాలుగో ఏడాదండీ. మిషిగన్ ఆరు గెలిచి ఐదు ఓడి, 6-5తో ఈడ్చుకుంటూ వచ్చిన జట్టు. దాదాపు ఇరవై పాయింట్ల తేడాతో మనదే గెలుపని బెట్టింగ్ లెక్కలు. వాళ్ళ మేటి ఆటగాళ్ళు కోల్‌స్టన్ లవ్‌లాండ్, విల్ జాన్సన్ ఇద్దరూ ఆడనే లేదు. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపి బంతి విసిరేవాడు) ఆటంతా కలిపి విసిరింది 62 యార్డులు. అయినా ఓడాం. సొంత స్టేడియంలో, లక్ష మంది చూస్తుండగా.

హాఫ్‌టైంకి 10-10. ఆ తర్వాత మనం ఒక్క పాయింటంటే ఒక్క పాయింటు చెయ్యలేదు. పాసులు పట్టే మన జెరెమయా స్మిత్, ఎమెకా ఎగ్బుకా అంచుల్లో నిలబడి చూస్తున్నారు. మన ఆఫెన్స్ కోచ్ చిప్ కెలీ మాత్రం మిషిగన్ డిఫెన్స్‌లో మేసన్ గ్రాహం, కెనెత్ గ్రాంట్ కాపు కాసిన నట్టనడుముకే బంతి ఇచ్చి పంపాడు. ఆపేశారా? మళ్ళీ పంపాడు. 26 పరుగులు, 77 యార్డులు. మన కిక్కర్ ఫీల్డింగ్ రెండు ఫీల్డ్ గోల్స్ (స్తంభాల మధ్యకి తన్నితే వచ్చే మూడు పాయింట్లు) వదిలేశాడు, 38 యార్డుల నుంచి ఒకటి, 34 నుంచి ఒకటి. వాళ్ళ కిక్కర్ జ్వాడా 45 సెకన్లు ఉండగా 21 నుంచి కొట్టేశాడు, అయిపోయింది.

హెడ్ కోచ్ రయన్ డేని ఇవాళే పంపేయాలి. దీని మీద చర్చ అక్కర్లేదు. థ్రెడ్ పెట్టింది తిట్టుకోడానికే.

నోవై నాని | నవంబర్ 30, సాయంత్రం

రాజు గారూ నమస్కారం. ఊరికే పలకరించి పోదామని వచ్చాను. ఇంట్లో అందరూ కులాసానా?

లేన్ అవెన్యూ రాజు | నవంబర్ 30, సాయంత్రం

నాని, మిషిగన్ అభిమానివి, నువ్వొస్తావని తెలుసు. నీకోసం కుర్చీ వేసే ఉంచాను, కూర్చో.

ఓరుగల్లు బకై | నవంబర్ 30, రాత్రి

అన్నా, నేను ఎంఎస్‌కని ఆగస్టుల వచ్చిన. ఈ వారం క్యాంపస్‌ల యాడ చూసినా ఎం అక్షరం మీద ఎర్ర టేపుతోని ఇంటూ మార్కులు కొట్టిన్రు. మా డిపార్ట్‌మెంట్ బోర్డు మీద గూడ కొట్టిన్రు. నవ్వుకున్న. ఇయ్యాల మ్యాచ్ అయిపోయినంక మిషిగనోళ్ళు నడిమిట్ల మన ఓ గుర్తు మీద జెండా పాతిన్రు, మనోళ్ళు ఉరికి పోయిన్రు, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టిన్రు. ఇది ఆటనా, పంచాయితీనా?

ఇంకోటి. మనం రెండు ఓడినం గద, ఇంక ప్లేఆఫ్ ఎట్ల ఉంటది?

స్టాట్ శాస్త్రి | నవంబర్ 30, రాత్రి

తమ్ముడూ, రెండో ప్రశ్నకు ముందు జవాబు. నిరుడు వరకూ ప్లేఆఫ్‌కి (జాతీయ కప్పు తేల్చే ఆఖరి పోటీకి) నాలుగే జట్లు. అదే పద్ధతి ఉండుంటే మన కథ ఇవాళ్టితో సమాప్తం. ఈ ఏడాది నుంచి పన్నెండు చేశారు. ర్యాంకుల్లో ముందున్న ఐదుగురు కాన్ఫరెన్స్ (లీగ్) విజేతలకు చోటు ఖాయం, మిగతా ఏడు కమిటీ ఎంచుతుంది. 10-2తో మనం లోపలే ఉంటాం. మన కాన్ఫరెన్స్ బిగ్ టెన్ ఫైనల్ మాత్రం చేజారింది. అది ఆరెగన్, పెన్ స్టేట్ ఆడుకుంటాయి.

మొదటి ప్రశ్నకు: ఆటే. నవంబర్ ఆఖరి శనివారం తప్ప.

పావెల్ శ్రీలత | నవంబర్ 30, రాత్రి

నాకు బాధ డే గురించి కాదు, ఆ పిల్లల గురించి. జాక్ సాయర్, టుయిమొలోవావ్, ఎగ్బుకా, ట్రెవియన్ హెండర్సన్, డెంజెల్ బర్క్. వీళ్ళంతా నిరుడే ఎన్‌ఎఫ్‌ఎల్‌కి (ప్రొఫెషనల్ లీగ్‌కి) పోయి డబ్బు చేసుకోగలిగినవాళ్ళు. మిషిగన్‌ని ఒక్కసారైనా గెలవాలని ఆగిపోయారు. మిషిగన్‌ని గెలిచిన జట్టులో ప్రతివాడికీ చిన్న బంగారు ప్యాంటు బిళ్ళ ఇచ్చే ఆనవాయితీ 1934 నుంచి ఉంది. వీళ్ళు నాలుగేళ్ళు ఆడి, ఒక్క బిళ్ళ లేకుండా వెళ్ళిపోతున్నారు. సాయర్ ఆ జెండా లాగేసుకుంటుంటే మా వాడు టీవీ ముందు లేచి నిలబడ్డాడు. నేను కూర్చోమనలేదు.

నోవై నాని | డిసెంబర్ 1

జెండా సంగతి: బిగ్ టెన్ వాళ్ళు రెండు యూనివర్సిటీలకీ చెరో లక్ష డాలర్లు జరిమానా వేశారు. మా వాటా మేం సంతోషంగా కడతాం.

లేన్ అవెన్యూ రాజు | డిసెంబర్ 1

ఈ జట్టుకి ఆటగాళ్ళ డబ్బే దాదాపు రెండు కోట్ల డాలర్లని మన అథ్లెటిక్ డైరెక్టరే బయటపెట్టాడు. అలబామా నుంచి కేలెబ్ డౌన్స్, ఓల్ మిస్ నుంచి క్విన్‌షాన్ జడ్కిన్స్, కాన్సాస్ స్టేట్ నుంచి క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్. అంత పెట్టి కొనుక్కొచ్చి, చివరికి పది పాయింట్లా?

స్టాట్ శాస్త్రి | డిసెంబర్ 8, సాయంత్రం

బ్రాకెట్ (ప్లేఆఫ్‌లో ఎవరితో ఎవరన్న పట్టిక) వచ్చింది. కమిటీ ర్యాంకుల్లో మనం ఆరు. మొదటి నాలుగు సీడ్లు (పట్టికలో స్థానాలు) కాన్ఫరెన్స్ విజేతలకే అని నియమం పెట్టుకున్నారు కాబట్టి తొమ్మిదో ర్యాంకు బోయిసీ స్టేట్, పన్నెండో ర్యాంకు ఆరిజోనా స్టేట్ పైకెక్కి, మనం ఎనిమిదో సీడుకి దిగాం. టెనెసీ ఇక్కడికే వస్తుంది, డిసెంబర్ 21న. గెలిస్తే క్వార్టర్‌ఫైనల్, రోజ్ బౌల్‌లో ఆరెగన్.

వారం గడిచింది, తిట్లు కాస్త చల్లారాయి కదా. ఆ ఓటమి గురించి నా లెక్క చెప్తాను. ఆక్రన్ మీద 52-6, వెస్టర్న్ మిషిగన్ మీద 56-0, మార్షల్ మీద 49-14, మిషిగన్ స్టేట్ మీద 38-7, అయొవా మీద 35-7. ఆ ఐదు ఆటలు చూసి ఎవరికైనా కళ్ళు నెత్తికెక్కుతాయి. అక్టోబర్ 12న యూజీన్‌లో ఆరెగన్‌తో 32-31 ఓటమి. అందరికీ గుర్తున్నది చివర్లో హోవర్డ్ జారుతుండగా టైం అయిపోవడం, దానికి ముందు ఆరెగన్ పన్నెండో మనిషిని మైదానంలో ఉంచి మన నాలుగు సెకన్లు తినేయడం. (కొద్ది రోజుల్లోనే ఆ సందు మూసేశారు, కావాలని చేస్తే ఇప్పుడు గడియారం వెనక్కి తిప్పుతారు.) కానీ ఆ రాత్రి అసలు నష్టం వేరు. లెఫ్ట్ టాకిల్ (ముందు లైన్ ఎడమ పక్కన క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడేవాడు) జాష్ సిమన్స్ మోకాలు పోయింది.

అక్కడి నుంచి చూడండి. నెబ్రాస్కా ఆటలో అతని చోట దిగిన మికాల్స్కీకీ దెబ్బ తగిలింది, 21-17తో బతికి బయటపడ్డాం. దాంతో గార్డ్ డొనొవన్ జాక్సన్‌ని టాకిల్‌కి జరిపారు. ఎన్నడూ ఆడని చోటు, ఎదురుగా పెన్ స్టేట్ డిఫెన్స్‌లో మేటి అబ్దుల్ కార్టర్. అయినా 20-13తో గెలిచాం. వాళ్ళు 3 యార్డుల గీత దగ్గర నాలుగుసార్లు ప్రయత్నించి ఖాళీ చేతులతో వెళ్ళారు. కుదురుకుంటోంది అనుకునేలోగా, ఇండియానా ఆటకి ముందు ప్రాక్టీసులో సెంటర్ సెత్ మెక్‌లాక్లిన్‌కి అకిలీజ్ (మడమ వెనక నరం) తెగింది. అంటే లైన్ మధ్యలో కొత్తవాడు, అంచున కొత్తవాడు. ఆ లైన్‌తో గ్రాహం, గ్రాంట్ మీదికి పరుగులు పెట్టడం మొండితనం. ఆటగాళ్ళకి చేతకాక కాదు, పథకం వేసినవాళ్ళకి పంతం వచ్చి. మిషిగన్‌తో మనం మెతకవాళ్ళం కాదని నిరూపించుకోవాలనే పిచ్చి ఒకటుంది మన కోచ్‌లకి.

టెనెసీ మీద అలాంటి పంతాలేవీ ఉండవు. కాబట్టి నాకు ఆశ ఉంది.

లేన్ అవెన్యూ రాజు | డిసెంబర్ 8, రాత్రి

శాస్త్రి గారూ, పంతం ఎవరిదండీ? డేదే కదా. కాలేజీలో తను క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినప్పుడు న్యూ హాంప్‌షైర్‌లో పాఠాలు చెప్పినవాడు కెలీ. గురువుగారిని తెచ్చిపెట్టుకుని "ఇవాళ బయటికి విసరండి" అని ఒక మాట అనలేడా?

ఓరుగల్లు బకై | డిసెంబర్ 22, తెల్లవారుజామున

అన్నా పొయ్యొచ్చిన! స్టేడియంల సగం టెనెసీవోళ్ళ నారింజ రంగు. మనోళ్ళు కోపంతోని టికెట్లు అమ్ముకున్నరంట. చలికి కాళ్ళు ఉన్నయో లేవో తెల్వలే. గానీ మొదటి క్వార్టర్ అయ్యేసరికి 21-0, నారింజోళ్ళు సప్పుడు లేదు. 42-17!

స్టాట్ శాస్త్రి | డిసెంబర్ 22

హోవర్డ్ 29లో 24 పూర్తి, 311 యార్డులు. స్మిత్‌కి రెండు టచ్‌డౌన్లు (బంతితో చివరి గీత దాటితే ఆరు పాయింట్లు). మొదటి నుంచీ బయటికే విసిరారు, రక్షణ విచ్చుకున్నాక లోపలికి పరిగెత్తారు. చేయాల్సింది ఇంతే.

లేన్ అవెన్యూ రాజు | డిసెంబర్ 22

ఇదే జట్టు, ఇదే మైదానం, మూడు వారాలు. అప్పుడెందుకు చెయ్యలేదన్నదే నా ప్రశ్న. గెలిచాక నాకు ఇంకా మండుతోంది.

పావెల్ శ్రీలత | 2025 జనవరి 1, రాత్రి

కొత్త సంవత్సరం కదా అని సాయంత్రం గుడికి బయల్దేరదీశాను మా ఇంటి మగవాళ్ళని. పార్కింగ్‌లో కారు ఆపేసరికి ఫోన్‌లో రోజ్ బౌల్ మొదలైంది. ఆ తొలి డ్రైవ్‌లోనే స్మిత్ 45 యార్డులు కొట్టేశాడు. తండ్రీ కొడుకులు కారు దిగలేదు. నేను దర్శనం చేసుకుని, ప్రసాదం పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆరెగన్ ఖాతా ఇంకా తెరవలేదు. 34-0 దాకా వెళ్ళిందండీ! పదమూడు ఆటలు ఓటమి లేకుండా వచ్చిన జట్టు మీద!

స్టాట్ శాస్త్రి | జనవరి 1, రాత్రి

41-21. స్మిత్ 187 యార్డులు, రెండు టచ్‌డౌన్లు. పోయినేడాది ఈ పాటికి ఈ కుర్రాడు ఇంకా హైస్కూల్ విద్యార్థి. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ డిలన్ గేబ్రియల్‌ని మనవాళ్ళు ఎనిమిదిసార్లు పడగొట్టారు. అక్టోబర్‌లో అతన్ని ఒక్కసారీ ముట్టుకోలేకపోయారు. మన డిఫెన్స్ కోచ్ జిమ్ నోల్స్ ఆ ఓటమి తర్వాత డిఫెన్స్ పిలుపులు మొత్తం మార్చాడు, దాని ఫలితం ఇది.

ఫ్రిస్కో రెడ్డి | జనవరి 2

ఏమప్పా కొలంబస్ సాములూ, బాగున్నారా? పదో తేదీ సెమీఫైనల్‌కి ఆర్లింగ్టన్‌కి వస్తాండారంట. మా టెక్సస్ లాంగ్‌హార్న్స్ కాచుకోని ఉండారు. మా క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ మీ దగ్గర కొన్నాళ్ళు ఉండి పోయినోడే, మీ గుట్టు తెలుసు. వచ్చేటోళ్ళు చెప్పండి, ఆటకు ముందు మా ఇంట్లో రాగిసంగటి, నాటుకోడి. తర్వాత ఏడుపు.

లేన్ అవెన్యూ రాజు | జనవరి 2

సంగటికి వస్తాను రెడ్డి గారూ. ఏడుపు ఎవరిదో అక్కడ తేలుద్దాం.

ఫ్రిస్కో రెడ్డి | జనవరి 11, రాత్రి ఒంటిగంట

నిద్ర పట్టలే. ఎవురన్నా మేలుకోని ఉండారా?

14-7తో హాఫ్ అయింది సరే, మా జేడన్ బ్లూ టచ్‌డౌన్ చేసినాక ఉండేది 29 సెకన్లు. ఆ 29 సెకన్లలో హెండర్సన్‌కి ఒక పిల్ల పాస్ ఇస్తే వాడు 75 యార్డులు పరిగెత్తిపాయ. అదీ పోనీ. చివరాఖర్న 21-14 ఉన్నప్పుడు మాకు ఒక యార్డు. ఒక్క యార్డు! నేరుగా దూరితే ఐపోతాది. మావోళ్ళు పక్కకు విసిరి ఏడు యార్డులు వెనక్కి పాయిరి. యాడన్నా ఉందా ఇట్లాంటిది?

స్టాట్ శాస్త్రి | జనవరి 11

అక్కడి నుంచి నాలుగో డౌన్ (ఆఖరి ప్రయత్నం), 8 యార్డులు. సాయర్ యూవర్స్ చేతి మీద కొట్టాడు, బంతి ఊడింది, అతనే అందుకుని 83 యార్డులు పరిగెత్తాడు. 28-14. వీళ్ళిద్దరూ కొలంబస్‌లో ఒకే గదిలో ఉన్నవాళ్ళు. ఇంకొక సంగతి: టెక్సస్ స్మిత్‌ని కట్టేసింది. ఆటంతా ఒకే క్యాచ్, 3 యార్డులు. అతను లేకుండానే గెలవగలిగాం. నవంబర్ జట్టుకి ఇది చేతనయ్యేది కాదు.

పావెల్ శ్రీలత | జనవరి 11

సాయర్ పరిగెడుతుంటే నాకు ఆ జెండానే గుర్తొచ్చింది. ఊరి పిల్లాడు, ఇక్కడే పికరింగ్టన్‌లో పెరిగినవాడు. ఆ 83 యార్డులూ మేం ఇంటిల్లిపాదీ అరుస్తూనే ఉన్నాం, కింద అద్దెకున్నవాళ్ళు పైకొచ్చి ఏమైందని అడిగారు.

కమ్మింగ్ కిరణ్ | జనవరి 12

అట్లాంటా తరఫున స్వాగతం. 20న నోటర్ డేమ్‌తో ఫైనల్ మా ఊళ్ళో. డౌన్‌టౌన్‌లో కారు పెట్టే ఆలోచన మానుకోండి. నార్త్ స్ప్రింగ్స్‌లో వదిలేసి మార్టా రైలెక్కి, ఫైవ్ పాయింట్స్‌లో రైలు మారితే స్టేడియం పక్కనే దింపుతుంది. టికెట్ ధరలు మాత్రం నన్నడగొద్దు, చెప్పాలంటే నాకే భయంగా ఉంది.

లేన్ అవెన్యూ రాజు | జనవరి 21, తెల్లవారుజామున

34-23. ఛాంపియన్లం. అంత తేలిగ్గా అవలేదు, రాసుకోనివ్వండి.

మొదటి డ్రైవ్‌లో నోటర్ డేమ్ బంతి పట్టుకుని వదిలితేనా. 18 ప్లేలు, దాదాపు పది నిమిషాలు. రైలీ లెనర్డ్ తనే మోసుకుంటూ తనే దూరి టచ్‌డౌన్ చేశాడు, ఆ తర్వాత అలిసిపోయి వాంతి చేసుకున్నాడు పాపం. అప్పుడు మొదలెట్టాం మనం. వరసగా 31 పాయింట్లు. హోవర్డ్ తన మొదటి 13 పాసులూ పూర్తి చేశాడు. రెండో సగం మొదట్లో జడ్కిన్స్ 70 యార్డుల పరుగు. 31-7 అయ్యేసరికి నేను సోఫాలో వెనక్కి వాలాను.

వాలకూడదు. వాళ్ళు టచ్‌డౌన్, రెండు పాయింట్లు. ఫీల్డ్ గోల్ స్తంభానికి తగిలి మనకి బతుకునిచ్చింది. మళ్ళీ టచ్‌డౌన్, మళ్ళీ రెండు పాయింట్లు. 31-23. మూడో డౌన్, 11 యార్డులు కావాలి, రెండు నిమిషాల పైచిలుకు ఉంది. అక్కడ పరిగెత్తి గడియారం కరిగించడం పాత అలవాటు. నేను గట్టిగా అనేశాను కూడా, "ఇప్పుడు మధ్యలోకి తోస్తాడు చూడు" అని.

తొయ్యలేదు. స్మిత్‌కి పైకి విసిరారు. 56 యార్డులు. కథ ముగిసింది, ఫీల్డింగ్ 33 నుంచి కొట్టి తాళం వేశాడు.

పావెల్ శ్రీలత | జనవరి 21

రాజు గారూ, నవంబర్ 30న ఈ థ్రెడ్ మొదటి పోస్టు చివరి వాక్యాలు ఒకసారి చదువుకోండి. డేని ఇవాళే పంపేయాలి అన్నారు.

లేన్ అవెన్యూ రాజు | జనవరి 21

చదివానమ్మా. తీసెయ్యలేదు, తీసెయ్యను. కప్పు తెచ్చాడు, దండం పెడతాను. మిషిగన్ చేతిలో నాలుగు ఓడాడు, అది కప్పుతో చెరగదు. 2014లో కూడా వర్జీనియా టెక్ చేతిలో ఓడే కప్పు గెలిచాం, కానీ ఆ ఏడాది మిషిగన్‌ని కొట్టి గెలిచాం. మూడో నంబరు క్వార్టర్‌బ్యాక్ కార్డేల్ జోన్స్‌తో అలబామానీ, ఆరెగన్‌నీ దింపాం. దాని పక్కన దీన్ని పెట్టమంటే నాకు అర అంగుళం కిందే కనపడుతుంది.

నోవై నాని | జనవరి 21

అభినందనలు, మనస్ఫూర్తిగానే. సీజన్ మొత్తంలో దేశంలో అందరికన్నా బాగా ఆడిన జట్టు మీది. మీరు ప్లేఆఫ్‌లో ఐదో సీడ్, ఏడో సీడ్, ఒకటో సీడ్, తొమ్మిదో సీడ్ అందరినీ కొట్టారు. రెగ్యులర్ సీజన్ 7-5తో ముగించిన మా జట్టుని మాత్రం కొట్టలేకపోయారు. నేను ఈ వాక్యం ఫ్రేము కట్టించుకుంటున్నాను.

స్టాట్ శాస్త్రి | జనవరి 21

రాజు గారితో ఒక చోట విభేదం. ఆ రోజు మిషిగన్‌ని గెలిచుంటే డిసెంబర్ 7న ఇండియానపోలిస్‌లో ఆరెగన్‌తో బిగ్ టెన్ ఫైనల్ ఆడాలి. అప్పటికి సెంటర్ కొత్త, టాకిల్ కొత్త. ఓడడం వల్ల మూడు వారాలు దొరికాయి, టాకిల్ జాక్సన్, సెంటర్ హింజ్‌మన్ ఆ లైన్‌లో సర్దుకున్నారు. బై (మొదటి రౌండు ఆడకుండానే ముందుకెళ్ళే వీలు) దొరికిన నాలుగు జట్లూ (ఆరెగన్, జార్జియా, బోయిసీ స్టేట్, ఆరిజోనా స్టేట్) తమ మొదటి ఆటలోనే ఇంటికి పోయాయి. గెలుపు వల్ల వచ్చిన విశ్రాంతి వాళ్ళకి పనికిరాలేదు. అందుకని ఓటమి మంచిదని నేననను. పథకం మార్చుకోడానికి మన కోచ్‌లకి ఓటమి తప్ప ఇంకేదీ సరిపోలేదంటాను.

లేన్ అవెన్యూ రాజు | జనవరి 21

అదే నేనూ అంటున్నది! రెండు కోట్ల డాలర్ల జట్టుకి తెలివి రావడానికి లక్ష మందిని ఏడిపించాలా?

ఓరుగల్లు బకై | జనవరి 27

నిన్న స్టేడియంల సంబురానికి పోయిన అన్నా. హోవర్డ్‌ని చూసిన, స్మిత్‌ని చూసిన. బ్యాండు వాయిస్తుంటే నాకు గూడ రోమాలు లేచినయ్. మా అమ్మకు వీడియో కాల్ చేసి చూపెట్టిన. "గింత మంది ఎందుకు బిడ్డా, ఎవల పెండ్లి?" అన్నది.

గానీ ఇయ్యాల పొద్దుగాల వార్త చూసి గుండె జారింది. నోల్స్ పెన్ స్టేట్‌కి పోతున్నడంట?

స్టాట్ శాస్త్రి | జనవరి 27

పోతున్నాడు. ఆ డిఫెన్స్‌లో ముందు వరుస నలుగురూ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోతారు, కోడీ సైమన్ పోతాడు, ఇప్పుడు నడిపినవాడూ పోయాడు. డౌన్స్ ఉన్నాడు, సానీ స్టైల్స్ ఉన్నాడు. ఆఫెన్స్‌లో స్మిత్ ఉన్నాడు, క్వార్టర్‌బ్యాక్ ఎవరో ఎండాకాలం దాకా తేలదు.

లేన్ అవెన్యూ రాజు | ఫిబ్రవరి 3

కెలీ కూడా లాస్ వేగాస్ రైడర్స్‌కి. సరే. కొత్తవాడు ఎవరొచ్చినా నవంబర్ 29న మిషిగన్ మీద ఆన్ ఆర్బర్‌లో ఏం చేస్తాడన్నదే నాకు కావాలి.

ఫ్రిస్కో రెడ్డి | ఫిబ్రవరి 3

నవంబర్ దాకా ఎందుకు సామీ? ఆగస్టు 30న మొదటి ఆటే మాతో, మీ ఊర్లోనే. ఈసారి మా క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్ ఉంటాడు. నలుగురం వస్తాండాం. టికెట్లు ఎవురన్నా అమ్మేది ఉంటే నాకు ముందు చెప్పండి. టెనెసీ ఆట మాదిరి సగం స్టేడియం మా రంగు చేస్తాం.

పావెల్ శ్రీలత | ఫిబ్రవరి 3

రండి రెడ్డి గారూ, బస మా ఇంట్లోనే. టికెట్లు మాత్రం ఈ థ్రెడ్‌లో ఎవరూ అమ్మరు. అమ్మినవాళ్ళ పేరు రాజు గారికి చెప్తాను.